బీపీ బాగుంటే గండం గడిచినట్టు కాదు: ఎమర్జెన్సీ అబ్జర్వేషన్‌పై అపోహలు – వాస్తవాలు

"బీపీ బాగానే ఉంది కదా డాక్టర్, ఇంకా ఎందుకు ఉంచారు?" ఎమర్జెన్సీలో రోజూ వినే ప్రశ్న. బంధువులు అడిగితే ఓపిగ్గా చెబుతాం, వాళ్ల ఆదుర్దా వాళ్లది. డ్యూటీలో ఉన్న జూనియర్లు కూడా ఇదే మాట నమ్ముకుని కూర్చుంటే మాత్రం ఊరుకోలేను.

అపోహ: బీపీ నార్మల్ అంటే పేషెంట్ స్టేబుల్.

వాస్తవం: చాలాసార్లు బీపీ పడిపోయేది ఆఖర్న. లోపల రక్తం పోతున్నా, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకుతున్నా రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి బీపీని నిలబెడతాయి. ఆరోగ్యంగా, వయసులో ఉన్న మనిషికి ఇంచుమించు 30 శాతం రక్తం పోయేదాకా పై బీపీ మామూలుగానే ఉండొచ్చు. ఆ తర్వాత దబ్బున పడుతుంది. అందుకే పల్స్‌నీ పై బీపీనీ పక్కపక్కన పెట్టి చూడండి. బీపీ 110, పల్స్ 120 ఉంటే సీనియర్‌ని పిలవాల్సిందే. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్లలో పల్స్ కూడా పెరగకపోవచ్చు.

చాలామందిలో ముందుగా మారేది ఊపిరి వేగం. చార్టు తిరగేస్తే అందరికీ 18, లేదంటే 20! నిమిషం పాటు ఛాతీ వైపు చూసి లెక్కపెట్టేవాళ్లు ఎంతమంది? పల్స్, బీపీ, ఊపిరి లాంటివాటికి పాయింట్లు వేసి పేషెంట్ ఎంత ప్రమాదంలో ఉన్నారో చెప్పే న్యూస్-2 స్కోరులో శ్వాస నిమిషానికి 25, ఆపైన ఉంటే ఆ ఒక్కదానికే 3 పాయింట్లు. కొత్తగా తికమక మొదలైనా 3 పాయింట్లే. మొత్తం 5కు చేరితే డాక్టర్ వెంటనే వచ్చి చూడాలి. 7 అయితే ఐసీయూ వాళ్లకు కబురు వెళ్లాలి.

ఓ రాత్రి మూత్రంలో ఇన్ఫెక్షన్‌తో ఒక పెద్దావిడ వచ్చింది. బీపీ 118, జ్వరం లేదు, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) 96. కళ్లు మూసుకుని ఉంటే నిద్రపోతోందనుకున్నారు. కూతురు వచ్చి, "అమ్మ నన్ను పిన్ని పేరుతో పిలుస్తోందండీ, ఎప్పుడూ ఇలా లేదు" అంది. వెళ్లి ఊపిరి లెక్కపెడితే 28. పాదాలు చల్లగా ఉన్నాయి, మోకాళ్ల మీద చర్మం మచ్చలు మచ్చలుగా ఉంది, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగేది) 4 దాటింది. యాంటీబయాటిక్, ఫ్లూయిడ్లు ఎక్కిస్తూ ఐసీయూకి తీసుకెళ్తుండగా దారిలోనే బీపీ 84కి వచ్చేసింది. కోలుకుని ఇంటికి వెళ్లిందావిడ. ఆ కూతురి మాటకు విలువ ఇవ్వకపోయి ఉంటే ఏమయ్యేదో.

మిగతావి గబగబా చెబుతాను. ఆక్సిజన్ మాస్క్ మీద 98 చూపిస్తే ఊపిరితిత్తులు బాగున్నట్టు కాదు. ఎంత ఆక్సిజన్ మీద ఆ అంకె వచ్చిందో చూడాలి. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతున్నా ఆక్సిమీటర్‌కి తెలియదు. "95 ఉంటే ఏమీ కాదు" అని వాట్సాప్‌లో తిప్పేవాళ్లు దయచేసి ఆపండి. జ్వరం లేదని ఇన్ఫెక్షన్ లేదనుకోకండి, ముసలివాళ్లలో ఒళ్లు చల్లబడొచ్చు కూడా. మొదటి ఈసీజీ నార్మల్ వచ్చినా ఛాతీ నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి.

పక్కన కూర్చున్న బంధువులకు ఒక మాట. విసుక్కుంటారేమోనని ఆగకండి. "బాగోలేదు" అని వదిలేయకుండా ఏం మారిందో చెప్పండి: ఇందాక కూర్చుని మాట్లాడారు, ఇప్పుడు మాట తడబడుతోంది, పొద్దున్నుంచి మూత్రం రాలేదు, ఒళ్లంతా చల్లటి చెమట. సిస్టర్‌కి చెప్పినా ఎవరూ రాకపోతే డ్యూటీ డాక్టర్‌నే అడగండి, మళ్లీ మళ్లీ అడగండి.