మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ రాగానే ఫోల్డర్ తీసేయకండి

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ వచ్చిందంటే కోడ్ పాడైంది, ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేసుకోవడమే (ప్రాజెక్ట్‌ను సర్వర్ నుంచి కొత్తగా దింపుకోవడమే) దారి.

గిట్‌ను (కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే సాధనం) కొత్తగా వాడేవాళ్లను అన్నిటికంటే ఎక్కువ ముంచే సలహా ఇది. ఎవరు మొదలుపెట్టారో గానీ, ఒకరి నుంచి ఒకరికి పాకుతూనే ఉంది. తాజాగా క్లోన్ చేసి, పక్కన దాచుకున్న పాత ఫైళ్లను దాని మీద పేస్ట్ చేసి పుష్ చేస్తారు (సర్వర్‌కు పంపిస్తారు). ఈలోగా తోటివాళ్లు చేర్చిన లైన్లు ఆ పాత ఫైళ్లలో ఉండవు కదా! వాటిని మీరే కావాలని తీసేశారని గిట్ నమోదు చేసుకుంటుంది. హెచ్చరిక కూడా రాదు.

అసలు మెర్జ్‌లో, అంటే రెండు బ్రాంచ్‌లను (విడివిడిగా సాగే పనులను) కలిపేటప్పుడు, గిట్ చూసేది ఫైల్ మూడు రూపాలు: మీ బ్రాంచ్‌లోది, మెయిన్‌లోది (అందరి పనీ చేరే ప్రధాన బ్రాంచ్), రెండూ విడిపోయిన చోటి కమిట్‌లోది (గిట్‌లో భద్రపరిచిన ఒక దశ). బిల్లింగ్ ఫైల్లో విడిపోయేనాటికి పన్ను 12 అనుకోండి. మీరొక్కరే దాన్ని 5 చేస్తే గిట్ అడక్కుండా 5 తీసుకుంటుంది. మెయిన్‌లో ఇంకొకరు అదే లైన్‌ను 18 చేసి ఉంటే మాత్రం ఏది ఉంచాలో తేల్చలేక ఆగి మిమ్మల్ని అడుగుతుంది. అదే కాన్‌ఫ్లిక్ట్. రెండు వైపుల కమిట్లూ భద్రంగానే ఉంటాయి.

అప్పుడు గిట్ ఆ ఫైల్లో పెట్టే గుర్తులు చూస్తే కంగారు సహజమే. ఏడు ‘లెస్ దాన్’ గుర్తుల కింద ఉన్నది మీరున్న బ్రాంచ్ లైన్. ఏడు ‘ఈక్వల్’ గుర్తుల కింద ఉన్నది కలుపుతున్న బ్రాంచ్ లైన్. చివర ఏడు ‘గ్రేటర్ దాన్’ గుర్తులు. కావాల్సింది ఉంచి (ఒక్కోసారి రెండూ కావాలి), మూడు గుర్తుల లైన్లూ చెరిపి, రన్ చేసి చూసుకుని, గిట్ యాడ్, గిట్ కమిట్ కొట్టండి. తికమకైతే ‘గిట్ మెర్జ్ --అబార్ట్’ కొడితే మళ్లీ మొదటికి వస్తారు. అయితే మెర్జ్‌కి ముందే మీ మార్పులన్నీ కమిట్ చేసి ఉండాలి. కమిట్ చేయనివి తిరిగొస్తాయన్న హామీ లేదు.

అపోహ: కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే అంతా బాగున్నట్టే.

గిట్ పోల్చేది లైన్లనే, అర్థాన్ని కాదు. మీరు ఫంక్షన్ పేరు మార్చారు, ఇంకొకరు వేరే ఫైల్లో పాత పేరుతోనే పిలిచారు. మెర్జ్ సాఫీగా అవుతుంది, ప్రోగ్రామ్ పడిపోతుంది. మెర్జ్ అయ్యాక టెస్టులు నడపాల్సిందే.

అపోహ: బ్రాంచ్ అంటే ప్రాజెక్ట్ మొత్తానికి ఇంకో కాపీ.

కాదు. మామూలుగా అది ఒక కమిట్ తాలూకు 40 అక్షరాల గుర్తింపు రాసి ఉన్న చిన్న ఫైల్, అంతే.

అపోహ: బ్రాంచ్ డిలీట్ చేస్తే పని పోతుంది.

మెర్జ్ అయిన కమిట్లు మెయిన్‌లోనే ఉంటాయి. మెర్జ్ కానిదాన్ని ‘గిట్ బ్రాంచ్’ కమాండ్‌లో చిన్న ‘డి’తో (-d) తీయబోతే గిట్ ఒప్పుకోదు. పెద్ద ‘డి’తో (-D) తీసేసినా, గిట్ రీఫ్లాగ్‌లో (మీరు ఏయే కమిట్‌ల మీద ఉన్నారో గిట్ రాసుకునే చిట్టా) ఆ కమిట్‌ను వెతికి దాని మీద కొత్త బ్రాంచ్ పెట్టుకోవచ్చు. సెట్టింగులు మార్చకపోతే అలాంటి ఎంట్రీలు 30 రోజులు ఉంటాయి. కానీ రీఫ్లాగ్ ఉండేది మీ కంప్యూటర్లోని ఆ ఫోల్డర్లోనే. ఫోల్డర్ తీసేసి మళ్లీ క్లోన్ చేస్తే అదీ దాంతోపాటే పోతుంది.