అన్నకు ఆటిజం ఉందని చెల్లికి చెప్పాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అన్న థెరపీ గదిలోకి వెళ్తాడు. చెల్లి బయట కుర్చీలో అమ్మ ఫోన్ చూస్తూ కూర్చుంటుంది. లోపల ఏం జరుగుతోందో దానికి ఎవరూ చెప్పరు. ఎందుకు చెప్పలేదని అడిగితే తల్లిదండ్రుల దగ్గర వినిపించేవి ఇవే.

అపోహ: "చిన్నపిల్ల, దానికేం అర్థమవుతుంది?"

వాస్తవం: పిలిస్తే అన్న పలకడని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. కారణం మనం చెప్పకపోతే అదే ఒకటి ఊహించుకుంటుంది. "నేను బొమ్మ లాక్కున్నా, అందుకే అన్న మాట్లాడట్లేదు" అనుకునే వయసది. పైకి అడగదు కూడా. కాబట్టి అడగకముందే చెప్పండి: ఇది నీ వల్ల రాలేదు, జలుబులా అంటుకోదు, అన్న మెదడు పనిచేసే తీరే వేరు. ఆటిజం అన్న పేరు కూడా చెప్పండి. ఏ పెళ్లిలోనో బంధువుల గుసగుసల్లో వినడం కన్నా మీ నోట వినడం నయం.

అపోహ: "ఒకరోజు కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పాలి."

వాస్తవం: లెక్చర్ వద్దు. సందర్భం వచ్చినప్పుడు ఒక్క వాక్యం చాలు. కుక్కర్ విజిల్‌కి అన్న చెవులు మూసుకుని అరిచాడు. "ఆ చప్పుడు అన్నకు భరించలేనంత పెద్దగా వినిపిస్తుంది. తలుపు వేద్దామా?" అనండి. "ఇడ్లీ తింటావా?" అని చెల్లి అడిగితే అన్న కూడా "ఇడ్లీ తింటావా?" అంటాడు. వెక్కిరిస్తున్నాడని దానికి ఉక్రోషం. అలా తిరిగి అనడం కూడా చాలాసార్లు జవాబేనని, ఇడ్లీ కావాలనే అంటున్నాడేమోనని చెప్పి, ప్లేటు ముందు పెట్టి చూడమనండి. ఎనిమిదేళ్లు వచ్చేసరికి ప్రశ్నలు మారతాయి, అప్పుడు మళ్లీ చెప్పాలి.

అపోహ: "వాడికి తెలియదు కదా, నువ్వే సర్దుకుపో."

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించే మాట ఇది. కష్టపడి కట్టిన బ్లాకుల మేడ కూలిపోతే ఏ పిల్లయినా ఏడుస్తుంది. "నీకు కోపం రావడం తప్పు కాదు. అన్న కొడితే ఆపడం మా పని" అని చెప్పండి. అన్నకు అందని అర ఒకటి దాని బొమ్మలకు కేటాయించండి.

అపోహ: "ఇద్దరూ కలిసి ఆడుకోలేరు."

వాస్తవం: దాగుడుమూతలతో మొదలుపెడితే కుదరకపోవచ్చు. అన్న కార్లు వరుసగా పేరుస్తుంటే కదిలించొద్దు. చెల్లిని పక్కన కూర్చుని ఒక్కో కారు అందివ్వమనండి. కాసేపయ్యాక, ఇచ్చే ముందు కొద్దిగా ఆగమనండి. అన్న తలెత్తి చూసినా, చెయ్యి చాచినా ఆట మొదలైనట్టే.

అపోహ: "రేపు మా తర్వాత నువ్వే చూసుకోవాలి."

వాస్తవం: ఆరేళ్ల పిల్ల మీద ఇంత బరువా! ఈ టెన్షన్ పెద్దవాళ్లది. ఆటిజం వంటి వైకల్యాలున్నవారి కోసం తెచ్చిన నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 ప్రకారం, వాళ్లలో 18 ఏళ్లు దాటిన వారికి సంరక్షకుల నియామకం కోసం జిల్లా స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక తల్లిదండ్రులు భయపడుతూ అడిగేది: "చిన్నదానికీ వస్తుందా?" పెద్దబిడ్డకు ఆటిజం ఉంటే తర్వాతి బిడ్డకు ఉండే అవకాశం సుమారు ఐదింట ఒక వంతు అని పరిశోధనలు చెబుతున్నాయి. అందుకే 18, 24 నెలల వయసులో పిల్లల డాక్టరు దగ్గర స్క్రీనింగ్ (ఆటిజం లక్షణాలు ఉన్నాయేమో చూసే ప్రాథమిక పరీక్ష) తప్పనిసరిగా చేయించండి. మాటలు ఆలస్యమైనా, పిలిస్తే పలకకపోయినా అప్పటిదాకా కూడా ఆగొద్దు.