నూరీ గారు రాసిపెట్టిన వరసలు

చిన్నీ, బాబీ, మీతో కలిసి ఈ ఉత్తరం చదివే పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో చిన్ని అడిగింది కదా, "అమ్మమ్మా, యుద్ధమొస్తే జనం ఏం పట్టుకుని పారిపోతారు?" అని. డబ్బు, కాగితాలు, చంటిపిల్లలు అని ఏదో చెప్పాను. ఫోన్ పెట్టేశాక ఎంతకీ నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు సంగీతం పాఠాలు చెప్పినదాన్ని, నాకు సిరియా సంగీతకారుడు నూరీ ఇస్కందర్ గారు గుర్తొచ్చారు. ఆయన అస్సిరియన్.

అస్సిరియన్లు ఇరాక్, సిరియా, టర్కీ, ఇరాన్ దేశాల్లో వేల ఏళ్లుగా ఉంటున్న క్రైస్తవులు. కొందరు తమను సిరియాక్‌లమని చెప్పుకుంటారు. యేసు మాట్లాడిన అరమాయిక్ భాష రూపాలు వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తాయి. 1915లో ఒట్టోమన్ రాజ్యంలో ఆర్మేనియన్లతో పాటు వీళ్లనీ ఊళ్లకు ఊళ్లు నరికేశారు. ఆ ఘోరాన్ని వాళ్లు 'సైఫో' అంటారు. ఆ మాటకు కత్తి అని అర్థం. మిగిలినవాళ్లూ సొంత ఊళ్లలో నిలవలేకపోయారు. 1924లో టర్కీలోని ఉర్ఫా పట్నంలో ఉన్న సిరియాక్ కుటుంబాలు ఒక్కసారే సరిహద్దు దాటి సిరియాలోని అలెప్పోకి వచ్చేశాయి. వాళ్లు స్థిరపడ్డ చోటుకి సుర్యాన్ పేట అనే పేరు పడింది. చర్చిలో తాతల కాలం నుంచి పాడుకునే వరసల్ని కూడా గొంతులో పెట్టుకుని తెచ్చుకున్నారు.

ఆ వరసల భాండాగారాన్ని 'బేత్ గజో' అంటారు. బేత్ అంటే ఇల్లు, గజో అంటే నిధి. మన హైదరాబాదులో ఉస్మాన్‌గంజ్ ఉంది చూడండి, ఆ 'గంజ్' దీనికి చుట్టమే. రెండూ పాత పర్షియా మాట నుంచి వచ్చినవే. ఇందులో వందల పాటలున్నాయి. చాలా పాటలకు ఎనిమిది రకాల వరసలు. మొదటి వరసకి ఐదోది జత, రెండోదానికి ఆరోది. వారాన్ని బట్టి ఈ జతలు మారుతూ వస్తాయి. ఇదంతా గురువు పాడితే శిష్యుడు విని పట్టుకోవలసిందే.

పాడే గొంతు లేకుండా పోతే ఏమవుతుందో వాళ్లకి బాగా తెలుసు. నాలుగో శతాబ్దంలో ఎఫ్రేమ్ అనే భక్తకవి ఉండేవాడు. ఆయన ఊరు నిసిబిస్. 363లో ఆ ఊరు పర్షియా చేతికి వెళ్లిపోతే, ఆయన కూడా ఊరు వదిలి ఎడెస్సా చేరాడు. ఆ ఎడెస్సానే ఇప్పటి ఉర్ఫా! అక్కడ ఆడపిల్లలను కూర్చోబెట్టి తన పాటలు నేర్పించాడు. ఆ పాటల రాతప్రతుల్లో ప్రతి పాట పైనా 'ఫలానా వరసలో పాడాలి' అని ఉంటుంది. పేరు మిగిలింది, ఎఫ్రేమ్ పాడించిన వరస పోయింది. మన అన్నమయ్య రాగిరేకులూ అంతే కదా. రేకు మీద రాగం పేరుంది, ఆయన ఎలా పాడాడో చెప్పేవాళ్లు లేరు. ఆ సంగతి చెప్పే పాఠం రోజున నాకు ప్రతిసారీ గొంతు పట్టేసేది.

నూరీ గారు 1938లో సిరియాలోని దేర్ ఎజ్జోర్‌లో పుట్టారు. పెద్దలది ఉర్ఫా. కైరో వెళ్లి సంగీతం చదువుకుని, అలెప్పోలో పిల్లలకు పాఠాలు చెప్పారు. బృందగానాలు నడిపారు, సొంతంగా బాణీలు కట్టారు. వీటన్నిటికంటే నాకు గొప్పగా అనిపించేది ఇంకొకటి. ఉర్ఫా వాళ్లు పాడే బేత్ గజో వరసల్ని ఆయన విని స్వరాల్లో రాశారు. అది ఎంత కష్టమో మన హార్మోనియం దగ్గర కూర్చుంటే తెలుస్తుంది. ఒక తెల్లమెట్టు నొక్కండి, పక్కనున్న నల్లమెట్టు నొక్కండి. ఆ పాటల్లోని కొన్ని స్వరాలు దాదాపు ఆ రెంటికీ మధ్య పలుకుతాయి. అక్కడ మెట్టు లేదు! అందుకే మామూలు గుర్తులు సరిపోవు, సగం తగ్గిన స్వరానికి వేరే గుర్తు పెట్టాలి. అలా వందల వరసలు. ఆ పుస్తకం 1990ల మొదట్లో అలెప్పోలోనే వచ్చింది. దాన్ని అచ్చు వేయించింది అక్కడి మతగురువు మార్ గ్రెగోరియోస్ యోహన్నా ఇబ్రహీం గారు.

తర్వాత ఇరవై ఏళ్లకే ఆ ఊరి మీదికి యుద్ధం వచ్చింది. 2013 ఏప్రిల్‌లో ఇబ్రహీం గారిని అలెప్పో దగ్గర దారికాచి ఎత్తుకుపోయారు. ఆయన తిరిగి రాలేదు. నూరీ గారు ముసలితనంలో స్వీడన్ చేరారు. పెద్దలు ఉర్ఫా వదిలి వచ్చినట్టే ఈయన అలెప్పో వదిలి వెళ్లారు. 2023లో స్వీడన్‌లోనే కన్నుమూశారు. అక్కడ సోడెర్తెల్యే అనే ఊళ్లో వాళ్లవాళ్లు వేలమంది ఉన్నారు. 1967 నుంచి విడతలు విడతలుగా వచ్చి స్థిరపడ్డవాళ్లు. బడిలో స్వీడిష్ మాట్లాడే పిల్లలు ఆదివారం చర్చిలో సిరియాక్‌లో, అంటే అరమాయిక్ రూపమైన తమ పాత భాషలో, పాడతారు.

బాబీ, సంక్రాంతికి వచ్చేటప్పుడు గీతల పుస్తకం, రెండు పెన్సిళ్లు తెచ్చుకో. మా అమ్మ నన్ను జోకొడుతూ పాడిన లాలి ఒకటుంది. మాటలు మీ అమ్మకి తెలుసు, వరస మాత్రం ఇప్పుడు నాకొక్కదానికే వచ్చు. నేను పాడతాను, చిన్ని హార్మోనియం మీద పట్టుకుంటుంది, నువ్వు రాయి. మూడో చరణంలో గాంధారం దగ్గర కొంచెం తంటా ఉంది, దాన్ని నెమ్మదిగా చూద్దాం.

మీ అమ్మమ్మ