గుండె ఉబ్బితే ఊపిరితిత్తి ఎందుకు ముడుచుకుంటుంది?

పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న బిడ్డకు ఎడమ ఊపిరితిత్తి ముడుచుకుపోయిందని వైద్యులు చెప్పారనీ, ఈ రెంటికీ సంబంధమేమిటనీ ఒక పాఠకురాలు అడిగారు. గుండెనూ ఊపిరితిత్తులనూ వేర్వేరు పాఠాలుగా చదువుకున్న మనకు ఈ సందేహం సహజమే గానీ, ఛాతీలో అవి ఒకదానినొకటి ఆనుకునే ఉంటాయి.

ఎడమ ఊపిరితిత్తికి గాలిని చేర్చే శ్వాసనాళానికి పైన ఎడమ పుపుస ధమని, కింద ఎడమ కర్ణిక ఉంటాయి. జఠరికల మధ్య గోడలో పెద్ద రంధ్రముంటే, ఎడమ జఠరికలోని రక్తం కొంత కుడివైపుకు మళ్ళి, మళ్ళీ ఊపిరితిత్తులకే వెళ్ళి, ఎడమ కర్ణికకు తిరిగి వస్తుంది. ఆ అదనపు రక్తంతో ధమనీ కర్ణికా రెండూ ఉబ్బి, నడుమనున్న మెత్తని నాళాన్ని నొక్కుతాయి.

కొద్దిపాటి నొక్కుడుకే ఇంత నష్టమా అంటే, అవుననే చెప్పాలి. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు పోయిజోయ్ కనుగొన్న సూత్రం ప్రకారం, గొట్టం వ్యాసార్ధం సగమైతే ప్రవాహానికి నిరోధం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. 4 మిల్లీమీటర్ల వ్యాసమున్న పసినాళంలో చుట్టూ 1 మిల్లీమీటరు వాపు వస్తే జరిగేది సరిగ్గా ఇదే. 8 మిల్లీమీటర్ల నాళంలో అదే వాపు నిరోధాన్ని 3 రెట్లకు కాస్త పైగా మాత్రమే పెంచుతుంది. ఇది గాలి నిలకడగా సాగినప్పటి లెక్క. ఏడ్చే బిడ్డలో గాలి సుడులు తిరుగుతుంది గనుక కష్టం ఇంకా ఎక్కువ.

ఆ ఇరుకులో కఫం అడ్డుపడితే, లోపల చిక్కుకున్న గాలిని రక్తం పీల్చేసుకోగా గాలిగదులు ముడుచుకుపోతాయి. నత్రజని రక్తంలోకి నెమ్మదిగా వెళుతుంది కాబట్టి గదులను కొంతసేపు నిలబెడుతుంది. శుద్ధమైన ఆక్సిజన్ ఇస్తున్న బిడ్డలో ఆ ఆసరా కూడా ఉండదు.

అందుకే చికిత్స కారణాన్ని బట్టి మారుతుంది. కఫమైతే ఫిజియోథెరపీ చేస్తారు, అవసరమైతే శ్వాసనాళంలోకి పంపి చూసే సన్నని గొట్టమైన బ్రాంకోస్కోపుతో పీల్చి తీస్తారు. చనిపోయిన తెల్లకణాల డీఎన్ఏ వల్ల చిక్కబడ్డ కఫాన్ని పలుచన చేయడానికి డోర్నేస్ ఆల్ఫా అనే ఎంజైమును వాడడమూ ఉంది. గుండె శస్త్రచికిత్సలో, ఊపిరికి తోడ్పడే విభాజక పటలాన్ని కదిలించే ఫ్రెనిక్ నాడి దెబ్బతిని ఆ పటలం చచ్చుబడితే, దాన్ని బిగించి కుట్టవలసి రావచ్చు. నొక్కుతున్నది గుండే అయితే, ఆ రంధ్రాన్ని మూయడమే అసలు వైద్యం.

వెంటిలేటర్ మీదున్న బిడ్డకు, ఊపిరి వదిలాక కూడా కొంత ఒత్తిడి నిలిపే పీప్ పద్ధతి గాలిగదులను మూసుకోనివ్వదు. అయితే ఒక జఠరికే సరిగా పనిచేసే గుండెకు చేసే గ్లెన్ శస్త్రచికిత్స జరిగిన పిల్లల్లో పైశరీరపు రక్తం, తోసే జఠరిక లేకుండానే, సిరనుంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి ప్రవహించాలి. ఒత్తిడి పెరిగితే ఆ ప్రవాహం తగ్గుతుంది; ఒత్తిడి చాలక గదులు ముడుచుకుంటే అక్కడి రక్తనాళాలు సంకోచించి అప్పుడూ తగ్గుతుంది. ఈ రెంటి మధ్య సరైన ఒత్తిడిని వెతుకుతూనే, ఆ బిడ్డలను వీలైనంత త్వరగా వెంటిలేటర్ నుంచి తప్పించాలని వైద్యులు ప్రయత్నిస్తారు, ఎందుకంటే బిడ్డ సొంతంగా ఊపిరి పీల్చిన ప్రతిసారీ ఛాతీలో ఒత్తిడి తగ్గి, గాలితో పాటు రక్తం కూడా లోపలికి వస్తుంది.