మోకాల్లో కరగకుండా కూర్చునే మందు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు అడిగారు. నాలుగేళ్ల పాపకు కుడి మోకాలు రెండు నెలలుగా వాచి ఉంది. పొద్దున లేవగానే కుంటుతుంది, పది దాటేసరికి పరుగులు పెడుతుంది. డాక్టరుగారు పిల్లల కీళ్లవాతం అని తేల్చి, మోకాల్లోకి స్టిరాయిడ్ ఇంజెక్షన్ చేద్దామన్నారు. "పసిపిల్లకు స్టిరాయిడా? ఎదుగుదల ఆగిపోదూ?" అని అత్తగారు అడ్డుపడుతున్నారట. దిష్టి తీయడం, నాటు కట్టు కట్టించడం అయ్యాయి. దిష్టితో పోయేదేం లేదు, గుప్పెడు మిరపకాయలు తప్ప. కట్టు మాత్రం ప్రమాదమే. వాచిన మోకాలిని కదలకుండా బిగిస్తే వంగిన చోటే బిగుసుకుపోతుంది.

అత్తగారి భయం ఉత్తది కాదు. నెలల తరబడి రోజూ స్టిరాయిడ్ మాత్రలు మింగితే పిల్లలు పొడవు పెరగడం నిజంగానే మందగిస్తుంది. కానీ ఈ ఇంజెక్షన్ సంగతి వేరు, అదంతా కరగడంలో ఉంది.

కీళ్లలోకి హైడ్రోకార్టిసోన్ అనే స్టిరాయిడ్ ఎక్కించడం 1951 నాటికే మొదలైంది. వాపు తగ్గేది, కొద్దిరోజులకే మళ్లీ వచ్చేది. తర్వాత రసాయనవేత్తలు ట్రయామ్సినొలోన్ అనే మరో స్టిరాయిడ్ అణువుకు నీళ్లంటే గిట్టని తోక ఒకటి తగిలించారు. అదే ట్రయామ్సినొలోన్ హెక్సాసిటొనైడ్. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 2 మిల్లీగ్రాములే కరుగుతుంది. పిల్లల మోకాలికి సాధారణ మోతాదు కిలో బరువుకు 1 మిల్లీగ్రాము, 40 దాటనివ్వరు. ఆ 40 మిల్లీగ్రాములు పూర్తిగా కరగాలంటే మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల వాటర్ టిన్ మొత్తం కావాలి! పాప బరువు 15 కిలోలనుకుంటే, ఏడున్నర లీటర్లు. మోకాల్లో ఉండేదో, చెంచాలతో కొలిచేంత నీరు. అందులోనూ మందు ఎక్కించే ముందు ఆ పసుపుపచ్చటి నీటిని సిరంజితో లాగేస్తారు. మందు చూస్తే పాలలా తెల్లగా ఉంటుంది. ఆ తెలుపంతా కరగని స్ఫటికాలే, అందుకే సీసా కుదిపి తీస్తారు. కీలు పొరల్లో చేరిన స్ఫటికం నుంచి కాస్త కరుగుతుంది, ఎంజైములు తోక తెంపుతాయి, విడివడిన మందు కణంలోకి దూరి వాపు పుట్టించే జన్యువుల నోరు నొక్కుతుంది. అది ఖర్చయ్యాక ఇంకాస్త కరుగుతుంది. చాలామంది పిల్లల్లో ఒక్క సూదితో ఆరు నెలలకు పైగా వాపు రాదు. మొదట్లో కొంత రక్తంలోకీ వెళ్తుంది, నిజమే, కానీ రోజూ మింగే మాత్రలతో పోల్చదగింది కాదు. ఈ రకం దొరకని చోట ట్రయామ్సినొలోన్ అసిటొనైడ్ వాడతారు, అది కాస్త త్వరగా కరిగిపోతుంది. మన ఆర్‌ఎంపీలు జ్వరానికీ దగ్గుకీ పొడిచే డెక్సామెథాసోన్ నీళ్లలో ఇట్టే కరిగే రకం. "స్టిరాయిడ్" అనగానే రెండింటినీ ఒకే గాటన కట్టేస్తున్నాం.

ఇక ఎదుగుదల. కాలు పొడవు పెరగడంలో పెద్ద వాటా మోకాలి చుట్టూ ఉన్న ఎముక చివరలదే. వాపుతో అక్కడ రక్తప్రసరణ పెరిగి, చిన్నపిల్లల్లో ఆ కాలు రెండోదానికంటే పొడవు కావచ్చు. కాబట్టి సూది వేయిస్తే కాదు, వాపును అలా వదిలేస్తేనే కాళ్లు ఎగుడుదిగుడయ్యే ప్రమాదం.

కరగకపోవడంలో ఇబ్బందీ ఉంది. సూది దారిలో మందు బయటికి కారితే అక్కడ చర్మం కింద కొవ్వు కరిగి గుంట పడొచ్చు, తెల్లమచ్చ రావచ్చు. పైగా, ఎక్కువగా కీల్లోనే ఉండిపోయే మందు కంటిని కాపాడదు. ఈ జబ్బులో కంటి లోపల వాపు రావచ్చు, చాలాసార్లు కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండదు. అందుకే మోకాలు బాగైనా, డాక్టరు చెప్పిన గడువుకల్లా, సాధారణంగా మూడు నెలలకోసారి, స్లిట్ ల్యాంప్ (కంటి లోపలి భాగాలను పెద్దవిగా చూపే కంటి డాక్టరు పరికరం) కింద పాప కళ్లు చూపించాలి.