ఉమ్మేసినా కడుపు నమ్మేస్తుంది

హోటల్ వంటశాలలో పనిచేసే ఒక పాఠకురాలు అడిగారు: "పూర్తిగా మొక్కల ఆహారానికి మారాలని చాలాసార్లు ప్రయత్నించాను. కొన్నాళ్లు వండినవి కూడా మానేసి పళ్లు, పచ్చికూరలే తిన్నాను. సెలవు రోజుల్లో హాయిగా ఉంటుంది. పనిలో ఉంటే మాత్రం సాయంత్రానికి ఆగలేకపోతాను. రుచి చూసి ఉమ్మేస్తాను, మింగను కూడా. నాకు మనోబలం లేదంటారా?"

ఆ ఉమ్మేయడం దగ్గరే ఆగుదాం. అసలు విషయమంతా అక్కడే ఉంది.

రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ పేరు చెప్పగానే కుక్క, గంట గుర్తొస్తాయి. బడిలో అంతవరకే చెప్పి వదిలేస్తారు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే 1904లో ఆయనకు నోబెల్ బహుమతి తెచ్చింది జీర్ణక్రియ మీద చేసిన పని. ఆయన బృందం కుక్క అన్నవాహికను మెడ దగ్గర కోసి బయటికి తెరిచింది. కుక్క ఎంత తిన్నా అంతా మెడలోంచి కింద పడిపోతుంది, కడుపుకు ఒక్క ముక్క కూడా చేరదు. అయినా కొద్ది నిమిషాల్లో ఖాళీ కడుపులో జఠరరసం ఊరడం మొదలైంది. మెదడు నుంచి కడుపుకు వెళ్లే వేగస్ నాడులను కోసేస్తే ఆగిపోయింది. ఆ రసాన్ని ఊరించింది తిండి కాదు, తిండి వస్తోందన్న కబురు.

మనుషుల మీద ఇదే పరీక్ష చేయాలంటే కోత అక్కర్లేదు. తిండిని నమిలించి ఉమ్మేయిస్తారు. 1986లో ఫెల్డ్‌మన్, రిచర్డ్‌సన్ అనే పరిశోధకులు ఆరోగ్యవంతుల్లో ఆలోచన, చూపు, వాసన, రుచి వేటికవి ఎంత ఆమ్లాన్ని ఊరిస్తాయో విడివిడిగా కొలిచారు. అన్నిటికన్నా బలంగా పనిచేసింది నమిలి ఉమ్మేయడమే. చూడడం, వాసన పీల్చడం దానిలో పావు నుంచి సగం లోపు పనిచేశాయి. ఇష్టమైన వంటకాల గురించి అరగంట మాట్లాడుకోవడం ఒక్కటే దాదాపు మూడింట రెండు వంతులు పనిచేసింది. కంటి ముందు ఏమీ లేదు, ముక్కుకు ఏమీ తగల్లేదు, ఒట్టి మాటలకే కడుపు అంత కదిలింది!

ఇప్పుడు వంటశాల సంగతి చూడండి. చూపు, వాసన, మాటలు, ఆపైన నాలుక మీద చుక్క వేసి ఉమ్మేయడం. ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా ఇచ్చే ప్రేరణలన్నీ అక్కడ గంటల తరబడి కలిసే అందుతాయి. ప్రతిసారీ వేగస్ నాడి చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయన సంకేతం విడుదలై, కడుపు గోడలో ఆమ్లాన్ని ఊరించే పెరైటల్ కణాలను నేరుగా తడుతుంది. పక్కనున్న ఈసీఎల్ అనే కణాల నుంచి హిస్టమిన్ అనే మరో సంకేతం వస్తుంది. జీఆర్‌పీ అనే నాడీ సంకేతం కడుపులోని జీ కణాల చేత గ్యాస్ట్రిన్ అనే హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఎసిటైల్‌కోలిన్, హిస్టమిన్, గ్యాస్ట్రిన్ మూడూ కలిసి పెరైటల్ కణాల్లో ఆమ్లాన్ని బయటికి తోసే ప్రోటాన్ పంపులను నడిపిస్తాయి. కంచం ముందు పెట్టి వడ్డన ఆపేసినట్టు, ఇంత ఏర్పాటూ జరిగాక తిండి రాదు.

మెదడులోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఆకలిని నడిపే ఏజీఆర్‌పీ అనే నాడీకణాలు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో ఉంటాయి. తిండి కడుపులో పడ్డాక అవి నెమ్మదిగా చల్లబడతాయని చాలాకాలం అనుకున్నారు. 2015లో ఆకలితో ఉన్న ఎలుకల ముందు తిండి పెట్టి చూస్తే, కొరకకముందే, సెకన్లలో ఆ కణాల చురుకుదనం పడిపోయింది. తిండి రుచికరమైనదైతే ఇంకా ఎక్కువగా పడింది. తినకముందే తిండి తీసేస్తే మళ్లీ పైకి లేచింది. ఎలుకల ఫలితాన్ని మనుషులకు యథాతథంగా అంటగట్టకూడదు గానీ, దొరికినట్టే దొరికి చేజారే తిండి మధ్య పనిచేసేవాళ్ల అవస్థ నాకు ఇందులో స్పష్టంగా కనిపిస్తోంది.

మరి కడుపు నిండా పళ్లు తిని పనికి వెళ్తే? అక్కడే మరో చిక్కుంది. ఒక రుచి తింటూ పోతే దాని మీద ఇష్టం తగ్గుతుంది, తినని వాటి మీద అంతగా తగ్గదు. పరిశోధకురాలు బార్బరా రోల్స్, ఆమె సహచరులు 1981లో దీన్ని కొలిచి చూపించారు. పళ్లు తీపి మీద మోజు తీర్చగలవు. ఉప్పగా, వేడిగా, వేయించిన వాసనతో ఉన్నదాని మీద మోజు చాలావరకు అలాగే మిగులుతుంది. వంటశాల నిండా ఉండేది అదే. రొట్టె పైపెచ్చుకు కమ్మదనం ఇచ్చే 2-ఎసిటైల్-1-పైరోలిన్ అనే అణువు నీటిలో వంద కోట్ల భాగాలకు 0.1 భాగం ఉన్నా ముక్కు పసిగట్టేస్తుంది. పచ్చి ఆహారాన్ని పాటించేవాళ్లు సాధారణంగా 40-48 డిగ్రీలు దాటనివ్వరు కనుక వేయించినప్పుడు పుట్టే సువాసనలు వాళ్ల కంచంలోకి రావు. అందుకే, మొక్కల ఆహారం కావడం ఇక్కడ ఇబ్బంది కాదని నా అభిప్రాయం. ఎన్ని రకాల రుచుల్ని, వాసనల్ని నిషేధించుకున్నారన్నదే ఇబ్బంది. మొక్కల ఆహారాన్నే వండుకుని, వేయించుకుని తినే మనిషికి వంటశాలలో నిలదొక్కుకోవడం చాలా తేలిక.

పచ్చివే తింటే శక్తి లెక్క కూడా కుదరదు. రోజుకు 2,000 కేలరీలు ఆపిల్ పళ్ల నుంచే రావాలంటే దాదాపు నాలుగు కిలోలు తినాలి. జర్మనీలో దీర్ఘకాలం పచ్చి ఆహారం మీదున్నవారిపై 1999లో వెలువడిన సర్వేలో 45 ఏళ్ల లోపు స్త్రీలలో సుమారు 30 శాతం మందికి నెలసరి క్రమం తప్పడమో, పూర్తిగా ఆగడమో జరిగింది. తలనొప్పి, నీరసం వస్తే "ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి" అని ధైర్యం చెప్పేవాళ్లను నమ్మకండి. వ్యర్థాలను తొలగించే పని కాలేయం, మూత్రపిండాలు రోజూ చేస్తూనే ఉంటాయి. ఆ నీరసం చాలాసార్లు తిండి చాలకపోవడమే.

బీ12 విటమిన్ మాత్రం మాత్రగానో, దాన్ని కలిపిన ఆహారంగానో తీసుకోవాల్సిందే. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులే, మొక్కలు కావు. స్పిరులినా అనే నాచులో ఉండేది ఎక్కువగా మన ఒంటికి పనికిరాని రూపం. కాలేయంలో నిల్వ ఏళ్ల తరబడి సరిపోతుంది కాబట్టి లోటు ఆలస్యంగా, ఒక్కోసారి అరికాళ్ల తిమ్మిరిగా బయటపడుతుంది.

ఇక పని రోజుల్లో ఏం చేయాలంటే: పొయ్యి దగ్గరికి వెళ్లేముందే వేడివేడిగా, ఉప్పు తగిలేలా ఉడికించిన పప్పులు, వేయించిన గింజలు కడుపునిండా తినండి. ఉడికిన పప్పు వంద గ్రాముల్లో దాదాపు 9 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. రుచి చూసే పనిని, వీలైతే, ఆ భోజనం అయిన వెంటనే వచ్చే గంటల్లోకి మార్చుకోండి. మాంసం వంటకాల రుచి చూడడానికి తోటి వంటవారి సాయం అడగండి.