పాత స్విస్ వాచీలు కొనేముందు: అపోహలు - వాస్తవాలు

పాత ఒమెగానో రోలెక్సో పట్టుకుని నా రిపేరు బల్ల దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది "నడుస్తుందా?" అని. నడిపించడం మా పని, ఎలాగో తంటాలు పడతాం. కానీ వింటేజ్ వాచీకి ధర పలికేది నడకను బట్టి కాదు. డయల్, ముళ్లు, కేసు పుట్టినప్పటివేనా అన్నదాన్ని బట్టి. మోసం జరిగేదీ అక్కడే.

అపోహ: పేరున్న వేలం సంస్థలో కొంటే, పైగా కంపెనీ కాగితం ఉంటే, ఇక భయం లేదు.

వాస్తవం: 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ అనే వేలం సంస్థ జరిపిన వేలానికి తొలి తరం ఒమెగా స్పీడ్‌మాస్టర్ ఒకటి వచ్చింది. ఆ మోడల్ 1957 నాటిది. నల్ల డయల్ ఏళ్ల తరబడి రంగు మారి కాఫీ రంగుకు తిరిగిందన్నది దాని గొప్ప. ఇలాంటివాటిని ట్రాపికల్ డయల్ అంటారు. అంచనా ధర 80 వేల నుంచి 1.2 లక్షల స్విస్ ఫ్రాంకులైతే, పలికింది 31 లక్షల పైచిలుకు. కొన్నది ఒమెగాయే, తన మ్యూజియం కోసం! 2023లో అదే ఒమెగా, ఆ వాచీ ఎక్కడెక్కడి భాగాలో కూర్చి చేసిందని, అందులో తన మాజీ ఉద్యోగుల పాత్ర ఉందని ప్రకటించింది. వాచీ చేసిన కంపెనీకే టోపీ పెట్టగలిగారంటే మనమెంత?

కంపెనీ రికార్డుల నుంచి ఇచ్చే కాగితం చెప్పేది ఒక్కటే: ఫలానా నంబరు మెషిన్ ఫలానా తేదీన, ఫలానా మోడల్లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వెళ్లిందని. ఆ మెషిన్ మీద ఇప్పుడున్న డయల్ ఎక్కడిదో దానికి తెలియదు. కాఫీ రంగు సంగతంటారా, వేడి పెట్టి తెప్పించేవాళ్లూ ఉన్నారు.

అపోహ: యాభై ఏళ్ల వాచీ అయినా డయల్ తళతళలాడుతోంది, జాగ్రత్తగా వాడుకున్నారన్నమాట.

వాస్తవం: జాగ్రత్తగా వాడింది దొరకదని కాదు, కానీ నాకు ముందు అనుమానమే వస్తుంది. పాత డయల్ గీకి, కొత్త రంగు వేసి, పేరు మళ్లీ అచ్చు వేయడాన్ని రీడయల్ అంటారు. మన దేశం నుంచి వెళ్లే ఇలాంటి వాచీలకు విదేశీ కలెక్టర్లలో "ముంబై స్పెషల్" అన్న బిరుదే ఉంది. ఫావ్ర్-ల్యూబా, హెచ్ఎమ్‌టీలు ఎక్కువ, ఒమెగాలూ తగులుతాయి. నిమ్మపండు పసుపు, నెమలి నీలం... ఆ కంపెనీ కలలో కూడా వేయని రంగులు. మెషిన్ మాత్రం చాలాసార్లు అసలుదే, అందుకే మోసపోవడం తేలిక. లూప్ (మేము కంటికి పెట్టుకునే భూతద్దం) పెట్టి అక్షరాల అంచులు చూడండి. అదే మోడల్ పాత కేటలాగు బొమ్మ పక్కన పెట్టుకోండి. "స్విస్ మేడ్" అన్న మాట ఉండాల్సిన చోట, ఉండాల్సిన సైజులో ఉందా? అడిగినా వెనక మూత తీసి ఫోటో పంపని అమ్మకందారును వదిలేయండి.

అపోహ: చీకట్లో వెలిగితే ఒరిజినల్. వెలగకపోతే రేడియం చచ్చిపోయింది, ప్రమాదం లేదు.

వాస్తవం: రెండూ తప్పే. 1960ల వరకు చాలా డయళ్ల మీద రేడియం పూసేవారు. దాని అర్ధాయుష్షు, అంటే సగానికి తగ్గడానికి పట్టే కాలం, దాదాపు 1600 ఏళ్లు. చచ్చిపోయేది దానితో కలిపే జింక్ సల్ఫైడ్, అందుకే వెలుగు పోతుంది. రేడియం అలాగే ఉంటుంది. చేతికి పెట్టుకోవడం కంటే మూత తీసి గీకడమే అసలు ప్రమాదం, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో విప్పి చూసే సరదా ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

తర్వాత రేడియం బదులు ట్రిటియం వచ్చింది. డయల్ అడుగున "స్విస్" పక్కన ఇంగ్లీషు టీ (T) అక్షరం ఉంటే చాలావరకు అదే. దాని అర్ధాయుష్షు 12.3 ఏళ్లు. 1970 నాటి వాచీలో ఇప్పుడు ఇరవయ్యో వంతు కూడా మిగలదు. అలాంటిది టార్చి చూపించాక గంటల తరబడి వెలుగుతోందంటే, ఎవరో కొత్త పూత వేశారని అర్థం.

అపోహ: కంపెనీ సర్వీసుకు పంపితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: కొత్త వాచీకి సరే. పాతదానికి ఇదే పెద్ద గండం. వాళ్ల దృష్టిలో మచ్చలున్న డయల్ పాడైన విడిభాగం, మార్చేస్తారు. కేసుకు పాలిష్ పెడితే పట్టా కట్టే కొమ్ముల అంచులు అరిగి గుండ్రమవుతాయి. అరిగిన లోహాన్ని మళ్లీ పుట్టించడం మామూలు పని కాదు. "పాలిష్ వద్దు, డయల్, ముళ్లు మార్చొద్దు, తీసిన భాగాలు తిరిగివ్వాలి" అని రాతలో తీసుకోండి. ఒప్పుకోకపోతే వాచీ ఇవ్వకండి.

అపోహ: పాత రోలెక్స్ బంగారం లాంటిది, ధర పడదు.

వాస్తవం: హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ రోలెక్స్ డేటోనా 2017లో న్యూయార్క్‌లో 1.77 కోట్ల డాలర్లు పలికింది కదా అంటారు. అది ఆ నటుడు స్వయంగా పెట్టుకున్న వాచీ. బంగారానికి రోజూ రేటుంటుంది, అమ్మిన రోజే డబ్బు వస్తుంది. దీనికి కొనేవాడు దొరకాలి. 2022లో తారస్థాయికి వెళ్లిన సెకండ్ హ్యాండ్ ధరలు ఆ తర్వాత బాగానే దిగాయి.

అపోహ: వెనక "వాటర్‌ప్రూఫ్" అని చెక్కి ఉంది, తడిసినా ఫర్వాలేదు.

వాస్తవం: అది ఫ్యాక్టరీలో ఉన్నప్పటి మాట. లోపలి రబ్బరు రింగు ఎండిపోయి ఉంటుంది. విశాఖ ఉక్కపోతకే గ్లాసు లోపల ఆవిరి పట్టిన ఒమెగా సీమాస్టర్లు నా దగ్గరికి వస్తుంటాయి. చేతులు కడిగేటప్పుడు తీసి జేబులో పెట్టుకోండి.